బేరంలో పోయిన జానెడు వైరు

ఆ రోజుల్లో మా ఇంట్లో చెప్పిన ధరకే వస్తువు కొనుక్కుని రావడమంటే, చెప్పులు పోగొట్టుకుని రావడం కన్నా పెద్ద తప్పు. చెప్పులు పోతే దొంగను తిడతారు, అడిగినంత ఇచ్చి వస్తే మనల్నే తిడతారు. మదనపల్లె బజారు వీధిలో మాది స్టీలు పాత్రల అంగడి. మా నాయన అదే నోటితో అమ్మేటప్పుడు "ఇది ఫిక్స్‌డ్ రేటమ్మా" అనీ, కొనేటప్పుడు "రేటంటే ఏందప్పా, దేవుడు రాసిచ్చినాడా?" అనీ అనగలిగిన మనిషి. నేను అక్షరాల కన్నా ముందు బేరం నేర్చుకున్నాను. మొదటి ధరకు నవ్వాలి, రెండో ధరకు నిట్టూర్చాలి, మూడో ధరకు వెనక్కి తిరిగి నాలుగడుగులు నడవాలి. అయిదో అడుగు పడకముందే వాళ్ళే పిలుస్తారు. అంతా అయ్యాక కొసరు అడగాలి. కొసరు లేకుండా అంగడి మెట్లు దిగితే ఆ కొన్న వస్తువు ఇంట్లో నిలవదని మా అవ్వ నమ్మకం. (అవ్వ ఒకసారి ఆసుపత్రిలో ఇంజెక్షన్ వేయించుకుని, నర్సమ్మను రెండు మాత్రలు కొసరడిగింది. నర్సమ్మ ఇచ్చింది కూడా.) ఇన్ని తెలివితేటలు ఒకే మనిషిలో పోగుపడితే ఏమవుతుందో ఇరవై ఒకటో ఏట, కుప్పంలో ఒక పెండ్లి స్టేజీ మీద, వందల మంది ముందర తెలుసుకున్నాను.

డిగ్రీ అయిపోయి అంగట్లో కూర్చున్న కాలమది. నా పని పాత్రల మీద పేర్లు చెక్కడం. చేతిలో ఆ మిషను జుయ్యిమంటుంటే పెండ్లికూతుళ్ళ పేర్లు, వాళ్ళ పక్కన పెండ్లికొడుకుల పేర్లు, గృహప్రవేశం తేదీలు వరసగా చెక్కేవాణ్ణి. సాయంత్రమయితే చర్చి వాళ్ళ మిషన్ కాంపౌండులో ఉండే స్నేహితుడి ఇంటికి పరుగు. వాళ్ళ అన్న చర్చిలో గిటార్ వాయించేవాడు. ఆయన దగ్గర రెండేళ్ళు వేళ్ళు కాయలు కాసేదాకా నేర్చుకున్నాను. అయితే అది మామూలు చెక్క గిటార్. నా కల మాత్రం కరెంటుతో మోగే గిటార్, దాని వెనక ఆర్కెస్ట్రా, దాని ముందర జనం.

మా ఊళ్ళో పెండ్లిళ్ళకు పాడే ట్రూపు ఒకటే ఉండేది. దాన్ని నడిపే ఆయన్ను అందరూ మాస్టరనే అనేవాళ్ళు (ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు, తెల్ల ప్యాంటు వల్ల వచ్చిన పేరు). ఆయన గిటార్ పిల్లోడు ఉద్యోగం దొరికి బెంగుళూరు వెళ్ళిపోయాడని తెలిసి, ఒక పొద్దున వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. మాస్టరు నా వేళ్ళు చూసి, వాయించమని విని, "పర్వాలేదు. పది దినాలకు కుప్పంలో పెండ్లి ఉండాది, పగటి ప్రోగ్రాం. సొంత ఎలక్ట్రిక్ గిటార్ తెచ్చుకుంటే రా. ఆ పొద్దు బాగా వాయిస్తే నువ్వు మా ట్రూపులో మనిషివి. లేదంటే ఇంకొకణ్ణి సూసుకుంటా" అన్నాడు.

ఇంట్లో ఈ మాట చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. నాయన అన్నం ముద్ద కలుపుతూ అంతా విన్నాడు. "మన మిషను గూడా జుయ్యిమంటాది గదరా. దానికి ఎవురన్నా చప్పట్లు కొడతారా?" అన్నాడు. ముద్ద మింగి మళ్ళీ, "ఆ పెండ్లోళ్ళు సామానంతా మన అంగట్లోనే తీసినారు. నేనూ పోవాల. సూస్తా. మాస్టరు నిన్ను పెట్టుకుంటే నీ దోవ నీది. పెట్టుకోలేదంటే మర్నాడు పొద్దున షట్టరు నువ్వే ఎత్తాల. మళ్ళా గిటారనే మాట నీ నోట్లోంచి రాకూడదు" అన్నాడు. అది మా నాయన జీవితంలో మొదటి ధరకే ఖరారు చేసిన బేరం. నేను నవ్వలేదు, నిట్టూర్చలేదు, ఒప్పేసుకున్నాను.

కొత్త గిటార్ కొనే తాహతు లేదు. పుంగనూరు బస్టాండు దాటి ఒక సందులో పోతే, పాత రేడియోలు బాగుచేసే వాల్వుల తాత అంగడి. ఆయన గోడకు ఎర్ర గిటార్ ఒకటి వేలాడుతుంటుందని స్నేహితుడి అన్న చెప్పాడు. మూతపడిన ఏదో ఆర్కెస్ట్రా నుంచి తాత పాత సామానుతో పాటు తెచ్చుకున్నదట. వెళ్ళి చూశాను. ఎరుపు వెలిసి ఇటుక రంగు తేలింది, మేకులకు తుప్పు, స్ట్రింగుల్లో రెండు లేవు. చూసిన మరుక్షణం మనసు పారేసుకున్నాను గానీ, ముఖం మాత్రం కుళ్ళిన వంకాయను చూసినట్టు పెట్టాను. తాత ధర చెప్పాడు. నవ్వాను. కొంచెం తగ్గించాడు. నిట్టూర్చాను. ఇంకొంచెం తగ్గించాడు. వెనక్కి తిరిగి నాలుగడుగులు వేశాను. పిలుపు రాలేదు. అయిదో అడుగు వేశాను. లేదు. పదో అడుగు, ఇరవయ్యో అడుగు. సందు మలుపు తిరిగి టీ అంగడి దాకా వచ్చేశాను. ఏం చేయాలో తోచక ఒక టీ తాగి, ఆ దోవనే పోతున్నవాణ్ణి మాదిరి మళ్ళీ తాత అంగడి ముందుకొచ్చాను. తాత తల ఎత్తకుండానే, "టీ బాగుండాదా నాయనా?" అన్నాడు.

మూడో ధరకే తీసుకున్నాను. అయితే ఓడిపోయినవాడికి పంతం ఎక్కువ. ఆ పంతమంతా రిపేరు మీద చూపించాను. తాత గిటార్ వెనక రేకు విప్పితే లోపల కందిరీగలు కట్టిన మట్టిగూడు, దాని పక్కన పచ్చగా చిలుము పట్టిన వైర్లు. గొంతు పెంచే బిరడా, సన్నగొంతు మార్చే బిరడా రెండూ బిగుసుకుపోయాయి. పికప్పుల్లో ఒకటి చచ్చిపోయింది. (పికప్ అంటే స్ట్రింగుల కింద ఉండే అయస్కాంతం. దాని చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగి వైరు వేల చుట్లు చుట్టి ఉంటుంది. ఎలక్ట్రిక్ గిటార్‌కు గొంతు అదే.) తాత ఒక పాత కాయితం మీద రాసుకుంటూ పోయాడు. బిరడాలు రెండూ కొత్తవి, కెపాసిటరు ఒకటి, స్విచ్చి ఒకటి, వైరు గుచ్చే జాక్ ఒకటి, లోపలంతా అంటించడానికి రాగి రేకు, చివరిగా స్ట్రింగుల కింద ఉండే ఇనుప బ్రిడ్జి నుంచి జాక్ దాకా ఒక జానెడు వైరు.

నేను ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టి అడిగాను. బిరడా ఎందుకు, కెపాసిటర్ ఎందుకు అని. అన్నిటికీ జవాబు వచ్చింది. రాగి రేకు దగ్గర ఆగాను. "తాతా, ఇది పాడతాదా?"

"పాడదప్పా. బయటి గోల లోపలికి రాకుండా కాపలా కాస్తాది."

"అయితే తీసేయండి. మా ఇంట్లో కాపలాకు కుక్కే లేదు. మరి ఈ వైరు? ఇది బ్రిడ్జి కాడికి పోయి ఆడ ఏం చేస్తాది?"

"ఏం చేయదు. ఊరికే తగులుకోని ఉంటాది. అదేసినాక నువ్వు స్ట్రింగు మీద చెయ్యి పెడితే గొణుగుడు ఆగిపోతాది."

"ఏం చేయనిదానికి లెక్కలో చోటు యాల తాతా? అదీ కొట్టేయండి."

తాత నా వైపు ఒకసారి చూశాడు. వైరుకు ఎంతవుతుందనుకున్నారు? వైరు ధర కన్నా సోల్డరింగు పని ఎక్కువ, ఆ రెండూ కలిపినా నేను తాగిన టీకి సరిపోవు. అయినా కొట్టేయించినప్పుడు కలిగిన తృప్తి ఇంకా గుర్తుంది. తాత "నీ ఇష్టం" అని ఆ రెండు గీతలూ కొట్టేశాడు.

పికప్ చుట్టడం చూడాలి. తాత దగ్గర వాళ్ళ ఆవిడ కుట్టుమిషను ఉండేది. దాని చక్రానికి పికప్ బిగించి, తొక్కుతూ, రెండు వేళ్ళ మధ్య రాగి వైరు పట్టుకుని, పెదవులు కదుపుతూ చుట్లు లెక్కపెట్టుకున్నాడు. మధ్యలో మాట్లాడితే లెక్క తప్పుతుందని సైగతోనే నన్ను కూర్చోబెట్టాడు. మొత్తానికి కాలు ఆపి "అయిపాయె" అన్నాడు. నా నోరు ఊరుకుంటుందా? "తాతా, కొసరు?"

"దీనికి కొసరేందప్పా!"

"ఇంకో నాలుగు వందల చుట్లు ఏయండి. పూలమ్మాయి గూడా మూర కొలిచినాక బెత్తెడు జాస్తి ఇస్తాది."

తాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చుట్లు జాస్తయితే గొంతు పెరుగుతాది, నిజమే. గొణుగుడు గూడా పెరుగుతాది. కాపలా వద్దంటివి, వైరు వద్దంటివి, గొంతు మాత్రం జాస్తి కావాల్నా?" అన్నాడు. కావాలన్నాను. చుట్టాడు. అన్నీ అతికించి చూద్దామనుకునేసరికి ఊరంతా కరెంటు పోయింది. తాత బ్యాటరీతో పనిచేసే చిన్న యాంప్లిఫయరు పెట్టెకు తగిలించాడు. స్ట్రింగు మీటగానే ఎంత స్వచ్ఛంగా మోగిందంటే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. "కరెంటు వచ్చినాక ఇంకోసారి సూద్దాం, ఉండు" అని తాత అంటూనే ఉన్నాడు, నేను బస్సుకు టైమయిందని పరుగెత్తాను. ఇంట్లో పెట్టె లేదు. మిగిలిన రోజులన్నీ కరెంటు లేకుండానే సాధన చేశాను. రాగిరేకూ, వైరూ కొట్టేయించి డబ్బు మిగుల్చుకున్న సంగతి నాయనకు చెప్తే, ఆ పది రోజుల్లో మొదటిసారి నా భుజం తట్టాడు.

పెండ్లి రోజు కుప్పం కల్యాణమండపంలో పదకొండు గంటలకు స్టేజీ ఎక్కాం. వెనకంతా సీరియల్ లైట్లు, ఎరుపు, పచ్చ, నీలం, ఒకదాని వెనక ఒకటి పరిగెత్తుతున్నాయి. గిటార్‌ను పెద్ద పెట్టెకు తగిలించాను. "జ్జ్‌జ్జ్..." అని మొదలయింది. మాస్టరు అటూ ఇటూ చూశాడు. చెవి పెట్టి విన్నాం. లైట్లు ఎట్లా మినుకుతున్నాయో నా గిటార్ అట్లా మూలుగుతోంది! ఎర్ర లైట్లకు పొట్టి మూలుగు, నీలం లైట్లకు పొడవు మూలుగు. తబలా ఆయన తల ఊపుతూ, "తాళం మాత్రం తప్పల్యా" అన్నాడు. మాస్టరు నవ్వలేదు. "ఇంకా అర్ధగంట ఉండాది. అది నోరు మూసుకుంటే స్టేజీ మీద ఉంటావు. లేదంటే కిందికి దిగి భోంచేసి పో" అన్నాడు. మూడో వరసలో నాయన కూర్చుని ఉన్నాడు. ఆయన చూపు నా గిటార్ మీద లేదు, నా మీద ఉంది.

లైట్ల ఆయన దగ్గరికి పరిగెత్తి కాసేపు ఆపమన్నాను. "లైట్లు ఆపితే పెండ్లికొడుకోళ్ళు నన్ను ఆపేస్తారు సామీ" అన్నాడు. ఇక వంటశాల వెనక్కి పోయి వాల్వుల తాతకు ఫోన్ చేశాను. విషయం వినగానే తాత ఫోన్ పక్కకు తిప్పుకున్నట్టున్నాడు. నవ్వుతున్నాడని నాకు అర్థమయింది.

"ఆ వైరు ఉండుంటే నీ ఒళ్ళే దానికి కాపలా అయ్యుండేది. సరే, ఇప్పుడు వైరు నీకు కట్టుకో. జాక్ బయట ఉండే ఇనుప బిళ్ళకు ఒక కొస, నీ ఒంటికి ఒక కొస. ఒంటి మీద ఏమన్నా లోహం ఉండాదా?"

"మొలతాడు ఉండాది తాతా. వెండిది."

"బంగారం మాదిరి పని చేస్తాది. ఇంకో ముఖ్యమైన మాట..."

నాకు కావలసింది దొరికింది. ఫోన్‌లో బ్యాలెన్స్ సెకన్ల లెక్కన కరిగిపోతోంది. థాంక్స్ తాతా అని పెట్టేశాను. తాత మళ్ళీ మళ్ళీ చేశాడని తర్వాత చూశాను. ఆ సమయానికి ఫోన్ సంచిలో, సంచి స్టేజీ కింద.

స్పీకర్ల ఆయన దగ్గర గజం వైరు అడిగి (అక్కడా బేరం లేకుండా దొరకలేదు, రెండు లడ్లు తెచ్చిస్తే ఇచ్చాడు) ఒక కొస జాక్ బిళ్ళకు చుట్టి, ఇంకో కొస చొక్కా లోపలి నుంచి దింపి మొలతాడుకు ముడివేశాను. గొణుగుడు ఎవరో గొంతు నొక్కినట్టు ఆగిపోయింది. మాస్టరు బొటనవేలు ఎత్తాడు. మొదటి పాట బాగా పోయింది. రెండో పాటలో నా వంతు ముక్కను ఎవరూ ఊహించనంత బాగా వాయించాను. కొసరు చుట్లు ఊరికే పోలేదు, ఆ గొంతుకు మండపం గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తున్నవాళ్ళు కూడా తలెత్తి చూశారు. నాయన వైపు చూశాను. కుర్చీ ఖాళీగా ఉంది. భోజనాల బంతి వేసినట్టున్నారు. మనసు చివుక్కుమంది.

మూడో పాటలో వెనక నుంచి "ఓహోహో" అనేవాడికి దగ్గు పట్టుకుంది. మాస్టరు నన్ను మైకు దగ్గరకు పొమ్మని సైగ చేశాడు. నోరు దగ్గర పెట్టి "ఓ" అన్నానో లేదో, పెదవి మీద తేలు కుట్టినట్టు చురుక్కుమంది. పెదవి నుంచి బయల్దేరింది మొలతాడు దాకా ప్రయాణం చేసి, వైరు దోవన పోయింది. (తాత చెప్పబోయిన ముఖ్యమైన మాట "మైకు జోలికి పోవాకు" అని. పెట్టెకూ మైకుకూ కరెంటు కనెక్షన్లు వేరయితే మధ్యలో ఉన్నవాడి గతి అదే. నవ్వుతూ రాస్తున్నాను గానీ, అది ప్రాణం పోయే పని. ఎవరూ చేయకండి.) నేను గిటార్‌తో సహా ఒకటిన్నర అడుగు పైకి ఎగిరి, గాల్లోనే చేతులు బిగుసుకుని స్ట్రింగులన్నీ ఒక్కసారి మీటి, సరిగ్గా డ్రమ్ము దెబ్బ పడేచోట కిందికి దిగాను. తర్వాత ఈలలు. పెండ్లికొడుకు స్నేహితులంతా కుర్చీలెక్కి "వన్స్ మోర్!" అని అరుపు.

బేరగాడికి ఒక గుణం ఉంటుంది. ఏ సరుకు అమ్ముడుపోతుందో పెదవి మండుతున్నా కనిపెడతాడు. మైకుకు మూరెడు దూరంలో నిలబడి రెండోసారి నా అంతట నేనే ఎగిరాను. పాట అయ్యాక మాస్టరు నా చెవిలో, "వాయించేవాళ్ళు శానామంది ఉండారప్పా, స్టేజీ తెలిసినోళ్ళు తక్కువ. వచ్చే ఆదివారం రామసముద్రంలో ప్రోగ్రాం" అన్నాడు.

మధ్యాహ్నం బస్సులో నాయన పక్కన కూర్చున్నాను. పలమనేరు దాటింది. నేనే, "మాస్టరు పెట్టుకున్నాడు" అన్నాను. "ఊఁ" అన్నాడు. "నేను ఎగిరింది సూసినావా?" అన్నాను. "ల్యా. బంతిలో ఉండా. పప్పు బాగుండె" అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చినంత పనయింది. ఆయన చూడనేలేదు గదా, ఎగరడమూ కళే అని చెప్పుకుని తప్పించుకోవచ్చు. కానీ ఆ రోజు ఎందుకో అబద్ధం రాలేదు. మొలతాడు సంగతి, మైకు సంగతి, అన్నిటికీ మూలం కొట్టేయించిన ఆ వైరేనన్న సంగతి అంతా చెప్పేశాను. నాయన కిటికీలోంచి చింతచెట్లను చూస్తూ విన్నాడు.

"ఎంత వైరు?"

"జానెడు."

పుంగనూరు వచ్చింది. నాయన లేచి "దిగు" అన్నాడు. నేరుగా వాల్వుల తాత అంగడికి పోయాం. గిటార్ బల్ల మీద పెట్టి, "అన్నా, ఆ రేకు, ఆ వైరు రెండూ ఏసేయండి" అన్నాడు నాయన. తాత ధర చెప్పాడు. నాయన నోరు తెరుచుకుంది. అలవాటు గదా. పెదవులు "రేటంటే" అనే ఆకారానికి వచ్చాయి కూడా. అట్లనే మూసేసుకుని, జేబులో చెయ్యి పెట్టి, అడిగినంత తీసి బల్ల మీద పెట్టాడు. తాత దాన్ని ముట్టుకోలేదు. నన్ను పక్కకు పిలిచి, "మీ నాయనకు ఒంట్లో బాగుండాదా? కుప్పంలో ఏమన్నా ఎండదెబ్బ తగిలిందా?" అని అడిగాడు. నేను ఏమీ లేదన్నాను. తాత ఇంకా నమ్మక నాయనకు ఒక గ్లాసు మజ్జిగ తెప్పించి, అది తాగేదాకా చూసి, అప్పుడు సోల్డరింగు కడ్డీ వేడి పెట్టాడు. ఈసారి కరెంటు ఉంది. పని అయ్యాక పెట్టెకు తగిలిస్తే, చప్పుడు లేదు. బాగయిందో లేదో తెలియాలంటే నేను వాయించాల్సి వచ్చింది. నాయన స్టూలు మీద కూర్చుని రెండు పాటలు విన్నాడు. కాలు ఆడించలేదు, లేచి కూడా పోలేదు.

మాస్టరు ట్రూపులో నాలుగేళ్ళు వాయించాను. గుర్రంకొండ, గుడుపల్లె, చుట్టుపక్కల నేను ఎగరని ఊరు లేదు. తర్వాత డీజే పెట్టెలు వచ్చి పెండ్లిళ్ళను ఎత్తుకుపోయాయి. మాస్టరు ట్రూపు మూసేశాడు. నేను నా అంతట నేనే వచ్చి అంగట్లో కూర్చున్నాను. షట్టరు ఎత్తమని ఎవరూ చెప్పలేదు.

పోయిన నెల ఒకామె కుక్కరు కొనడానికి వచ్చింది. బేరం మధ్యలో నా ముఖం తేరిపార చూసి, "నువ్వు మా పెండ్లిలో ఎగిరిన అన్నవి గదా?" అంది. కుప్పం పెండ్లికూతురే, ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. పెండ్లి వీడియో ఫోన్‌లో ఎక్కించుకుందట, అక్కడే నిలబడి చూపించింది. తెల్లచొక్కాలో పుల్ల మాదిరి ఉన్న పిల్లోడు మైకు దగ్గరకు పోతాడు, ఎగురుతాడు. ఆ చప్పుడుకు కెమెరా ఆయన బెదిరినట్టున్నాడు, బొమ్మ అటు ఊగి భోజనాల గుమ్మం మీద పడుతుంది. ఆ గుమ్మంలోంచి, సగం తిన్న చేతిని గాల్లో పెట్టుకుని, మా నాయన స్టేజీ వైపు పరిగెత్తి వస్తుంటాడు. నా జీవితంలో ఆయన పరిగెత్తగా నేను చూడలేదు. ఏడెనిమిది అడుగులు వస్తాడు. అంతలో ఈలలు మొదలవుతాయి. నాయన ఆగిపోతాడు. చుట్టూ చూస్తాడు. ఎంగిలి చెయ్యి వెనక్కి దాచుకుని, ఏమీ జరగనట్టు మళ్ళీ బంతిలోకి పోతాడు.

ఆ వీడియో అడిగి పంపించుకున్నాను. నాయన గల్లాపెట్టె దగ్గర కునికిపాట్లు పడుతున్నప్పుడు, సౌండు తగ్గించుకుని చూస్తుంటాను. చూసిన ప్రతిసారీ స్టేజీ మీది ఆ పిల్లోడితో, అటు తిరగరా, గుమ్మం వైపు ఒక్కసారి చూడరా తిక్కోడా అంటాను. వాడు వినడు. ఈలలు వాడి చెవుల నిండా ఉన్నాయి. రెండోసారి ఎగరడానికి ప్యాంటు పైకి లాక్కుంటున్నాడు.